విమానం పొట్ట, పిండి డబ్బా మూత

"అమ్మా, కాఫీలో చక్కెర తక్కువైందని చెప్పు."

చెప్పవలసిన మనిషి రెండడుగుల దూరంలో, చేతిలో చక్కెర డబ్బాతోనే నిలబడి ఉంది.

"అమ్మాయ్, చక్కెర తక్కువైందట," అంది అత్తగారు.

"రోజూ వేసే రెండు చెంచాలే వేశాను అత్తయ్యా. నాలుక కూడా ఏళ్ళు గడిచేకొద్దీ వెలిసిపోతుందేమో ఆయన్నే అడగండి. రంగులు వెలిసిపోవడం గురించి వ్యాసాలు రాసింది ఆయనేగా."

అత్తగారు కొడుకు వైపు తిరిగింది. "రెండు చెంచాలే వేసిందట."

మూడు రోజులుగా ఆ ఇంట్లో మాటలన్నీ ఆవిడ మీదుగానే నడుస్తున్నాయి. ఎవరి మాటలోంచి ఎంత తీసెయ్యాలో డెబ్భై దాటాక ఆవిడకు బాగా పట్టుబడింది.

మూడు రోజుల క్రితం మ్యూజియం షెడ్డులో, పదిమంది ముందు, అక్కడ రంగు పనిచేసే ఇల్లాలి తమ్ముడు నోరు జారాడు. నిజానికి నిజమే చెప్పాడు. ఈ ఇంట్లో ఆ రెంటికీ తేడా లేదు. యుద్ధకాలపు విమానం పొట్టకు వెయ్యబోయే రంగు నమూనా చూసి, "బావా, ఇది విమానం రంగు కాదు. మా అక్క వంటింటి కిటికీలకు ఉండిన పాత రంగు. పదేళ్ళ కిందట నా చేత్తోనే గీకి తీశాను," అన్నాడు.

బావ అక్కడేమీ అనలేదు. ఇంటికొచ్చి మ్యూజియానికి ఉత్తరం రాశాడు. తలుపులకూ కార్ల డొక్కులకూ రంగులు పూసేవాణ్ణి చారిత్రక విమానం దగ్గరికి రానిస్తే తాను సలహాదారుగా కొనసాగలేనని రాశాడు. ఆ పై రోజుకల్లా తమ్ముడికి కబురు వచ్చింది. ఈ వారంతో ఆఖరు, సోమవారం నుంచి పనిలోకి రానక్కర్లేదు.

అప్పటి నుంచి ఇల్లాలు భర్తతో మాట్లాడటం లేదు. ఆయనా మాట్లాడటం లేదు. ఎవరు ముందు మానేశారన్నది మాత్రం ఇంకా తేలలేదు.

"అమ్మా, పదకొండింటికి మ్యూజియం అధికారిణి వస్తోంది. నాన్న చేసిన పిండి డబ్బా మూతను కళ్ళారా చూశాకే విమానానికి రంగు మొదలుపెట్టిస్తుందట. చూసుకోనీ. మూత కింద పరచడానికి నల్లగుడ్డ కావాలి. నల్లదంటే నల్లదే. ముదురు నీలం తెచ్చి నల్లదని చెప్పొద్దను."

"అత్తయ్యా, ఆ ఉత్తరం వెనక్కి తీసుకుంటారేమో అడగండి."

అత్తగారు నోరు తెరిచేలోగానే ఆయన అందుకున్నాడు.

"వెనక్కా? ముప్ఫై ఏళ్ళ చదువు నాది. వాడిదేం చదువు? ఇవాళ కారు డొక్కు, రేపు బీరువా, ఎల్లుండి ఎవరిదో గేటు. బొగ్గు రంగుకీ బూడిద రంగుకీ తేడా తెలియనివాడు నాకు యుద్ధ విమానం గురించి చెబుతాడా?"

"వాడు కుంచె పట్టాడు కదత్తయ్యా. ఆ తేడా అయినా ఉంది."

"సున్నం కొట్టేవాడూ పడతాడు కుంచె."

"పడతాడు పాపం. పట్టడమే కాదు, కొడతాడు కూడా. మనకు గోడలు తెల్లగా కనిపించేది అందుకేగా."

ఆయన కాఫీ గ్లాసు చప్పుడయ్యేలా పెట్టాడు.

వీధిలో ఆయన్ని ఎదురుగా 'సార్' అంటారు, వెనకాల 'షేడ్‌కార్డు' అంటారు. రంగుల కొట్లో చూపించే నమూనాల అట్ట అన్నమాట. ఉద్యోగం బీమా ఆఫీసులో. ప్రాణం మాత్రం ఎప్పుడో ముగిసిపోయిన యుద్ధంలో. ఎక్కడ విమానం బొమ్మ కనబడినా ఆయనకు అందులో తప్పు కనబడాలి. పక్కింటి పిల్ల పుట్టినరోజున ఎవరో ఇచ్చిన బొమ్మ విమానం చేతిలోకి తీసుకుని, రెక్క కింది గుర్తు రెండేళ్ళ తర్వాత వచ్చినదనీ, ఇలాంటిది ఆడుకోవడం కంటే ఊరుకోవడం మేలనీ చెప్పి ఆ పిల్లను ఏడిపించి వచ్చాడు. సినిమాకు వెళితే యుద్ధం సీనులో తప్పు చెప్పడానికి లేచి నిలబడతాడు. పత్రికలకు ఆయన రాసే ఉత్తరాలు 'విచారకరమైన విషయమేమంటే' అని మొదలవుతాయి. ఇంతా చేసి, బతుకులో ఒక్క రేకుముక్కకు రంగు పూసిన పాపాన పోలేదు.

"అత్తయ్యా, ఇంకొక్కటి అడగండి. మన వంటింటి గోడలది ఏం రంగు?"

"ఇదొక ప్రశ్నా?" అన్నాడాయన గాలితో చెబుతున్నట్టు. "తెలుపు. పూర్తి తెలుపు కాదు, కాస్త మీగడ ఛాయ. మామూలు కళ్ళకు ఆనదు."

అత్తగారు కాఫీ గ్లాసు మూతికి అడ్డం పెట్టుకుంది.

ఆ గోడలకు లేత గులాబి వేసి రెండేళ్ళు దాటింది. వేసింది తమ్ముడే. రంగు ఆరేదాకా మూడు రోజులు ఇల్లంతా వాసనేస్తే, ఆయన ముక్కు మూసుకుని ముందుగదిలో కూర్చుని, అసలైన యుద్ధకాలపు రంగుల వాసన ఎలా ఉండేదో రాసుకున్నాడు. ఆయనకు ఏం కావాలన్నా కూర్చున్న చోటికే వస్తుంది. వంటింట్లో అడుగుపెట్టే అవసరం ఎన్నడూ రాలేదు.

ఇల్లాలు ఆయన్ని సరిదిద్దలేదు. నల్లగుడ్డ వెతకడానికి వెళ్ళింది.

* * *

పిండి డబ్బా మీద భోజనం పళ్ళెం, పళ్ళెం మీద రుబ్బురాయి. నాలుగు నెలలుగా దానికి అదే మూత. అయినా చీమలు దారి కనుక్కున్నాయి.

అసలు మూత ముందుగదిలో, గాజు తలుపుల బీరువాలో ఉంది. అది మామూలు మూత కాదు. యుద్ధం రోజుల్లో మామగారు విమానాల మైదానంలో రంగులు వేసేవాడట. విరిగి మూలపడ్డ విమానం నుంచి ఒక రేకు తెచ్చుకుని, అంచులు సుత్తితో వంచి, ఈ డబ్బాకు సరిగ్గా పట్టేలా మూత చేశాడట. మ్యూజియం వాళ్ళు విమానం పొట్టకు ఏ రంగు వెయ్యాలా అని తలలు పట్టుకుంటున్నప్పుడు షేడ్‌కార్డుగారికి ఆ మూత గుర్తొచ్చింది. పట్టుకురమ్మన్నాడు. లేత ఆకుపచ్చ కలిసిన నీలం. "మా నాన్న స్వహస్తాలతో వేసిన రంగు," అన్నాడు. కమిటీ చప్పట్లు కొట్టింది.

తను ఈ ఇంటికి కాపురానికొచ్చిన రోజునే ఆ మూతదీ ఈ వంటింటి కిటికీలదీ ఒకే రంగని ఇల్లాలు చూసింది. నాలుగు నెలల కిందట ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. "ఈ మూత సంగతి నీకేమైనా తెలుసా?" అని ఆయనే అడిగాడు. ఆవిడ నోరు తెరిచేలోగా, "నీకేం తెలుస్తుందిలే," అని ఆయనే జవాబు కూడా చెప్పుకున్నాడు.

సరే, నాకేం తెలుసు అనుకుంది. ఆయన మూతను భూతద్దంతో చూస్తూ పొద్దుటి వెలుగులో ఒకసారి, మధ్యాహ్నం వెలుగులో ఒకసారి గంభీరంగా తలూపుతుంటే, నిజం చెప్పాలంటే, బాగానే కాలక్షేపమైంది. ఆ కాలక్షేపం తమ్ముడి పనికి చుట్టుకుంటుందని అప్పుడు తెలియదు.

అత్తగారు కింద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది.

"అత్తయ్యా, ఆ మూతకు రంగు వేసిందెవరు?"

"నాకేం గుర్తు?"

కోడలి పెళ్ళిలో ఎవరు ఏ వరసలో కూర్చున్నారో, ఎవరు దేనికి అలిగారో తడుముకోకుండా చెప్పగల మనిషి. ఇల్లాలు ఆవిడ ఎదురుగా కూలబడింది.

"వాడి పని పోయింది అత్తయ్యా. అయిదు నెలలు ఆ విమానం కింద వెల్లకిలా పడుకుని పాత రంగు గీకాడు. ఇంటికొస్తే కనురెప్పల్లో కూడా పొడే. మూతకు ఉన్నది కిటికీ రంగని తేలితే వాడి మాట నిలబడుతుంది. లేకపోతే లేదు."

"నా కొడుకు మాట పడిపోతుంది."

"పడితే లేస్తుంది. ఆయన మాటలకు కాళ్ళెక్కువ."

అత్తగారు నవ్వలేదు. ఒక కాయ ఒలిచింది. గింజలు గిన్నెలో వేసి, తొక్కను మళ్ళీ మూసి, కాయలాగే చేసి పక్కన పెట్టింది. దాన్నే చూస్తూ కూర్చుంది.

"గీకనివ్వకు," అంది చివరికి. "ఏమైనా చెప్పుకోండి, ఆ మూతను మాత్రం ఎవరినీ గీకనివ్వకు."

"ఎందుకని?"

వీధి తలుపు చప్పుడైంది. అత్తగారు మళ్ళీ బఠాణీల్లో పడింది.

* * *

తమ్ముడూ అధికారిణీ ఒకేసారి వచ్చారు. ఆవిడ ముందు, వాడు గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ వెనక. వాడి చేతిలో సంచి, సంచిలో రంగు కరిగించే థిన్నర్ సీసా, పాత బనీను గుడ్డ, ఒక అగ్గిపెట్టె.

"వీడెందుకు?" అన్నాడు షేడ్‌కార్డు.

"నేనే రమ్మన్నాను," అంది అధికారిణి. పొట్టి మనిషి, మాటలు అంతకంటే పొట్టి. "మూత చూపిస్తారా?"

ఆయన బీరువా తెరిచాడు. మూతను రెండు చేతులతో, పురిటి బిడ్డను ఎత్తినట్టు ఎత్తి నల్లగుడ్డ మీద ఉంచాడు. గుడ్డను ఒకసారి కిటికీ వెలుగుకు పట్టి చూసుకుని మరీ ఉంచాడు.

"నీ అగ్గిపెట్టెలో ఏముందయ్యా?" అని అధికారిణి తమ్ముడిని అడిగింది.

"చక్రాలు ముడుచుకునే చోట, బందు సందులో దొరికిందండీ. అక్కడికి తర్వాత వేసిన రంగులేవీ చేరలేదు." అగ్గిపెట్టె తెరిచాడు. లోపల గోరంత పెచ్చులు, మబ్బు పట్టిన బూడిద రంగువి.

"మురికి," అన్నాడు షేడ్‌కార్డు, వంగి చూడకుండానే.

"కడిగాను బావా."

"కడిగిన మురికి."

"మురికైతే కడిగితే పోవాలి కదా బావా."

"నువ్వు 'బావా' అని పిలవకు. ఇక్కడ నేను సలహాదారుని." ఆయన అధికారిణి వైపు తిరిగాడు. "ఇలాంటివాళ్ళకు మోటారు షెడ్డులో పెచ్చులే ప్రమాణం. ఇదిగో, ఇది చూడండి. స్ప్రే కాదు, కుంచెతో వేసిన రంగు. యుద్ధం మధ్యలో సామాను కరువై, తొందర తొందరగా వేసిన గీతలు. ఈ పొరలో చిక్కుకున్న వెంట్రుక చూడండి. ఆనాటి గుర్రపు వెంట్రుకల కుంచెది. దీనిమీదే నేను పదకొండు పేజీల వ్యాసం రాశాను."

"చదివాను," అంది అధికారిణి. "గుర్రం వెంట్రుక ఇంత పొడుగుంటుందా?"

"తోక వెంట్రుక."

"అది నాది."

అందరూ వెనక్కి తిరిగారు. అత్తగారు వంటింటి గుమ్మంలో, చేతిలో బఠాణీల గిన్నె పట్టుకుని నిలబడి ఉంది.

"ఏది నీది?" అన్నాడు కొడుకు.

"ఆ వెంట్రుక. అప్పట్లో నాకు నడుం దాకా ఉండేది. ముడి వేసుకోకుండా వంగాను. అంటుకుపోయింది."



ఇల్లాలు తమ్ముడి వైపు చూడలేదు. చూస్తే నవ్వు ఆగదు. నల్లగుడ్డ అంచు సర్దింది.

"అమ్మకు వయసైంది," అన్నాడు షేడ్‌కార్డు. గొంతు తగ్గించాననుకున్నాడు. "అమ్మా, నువ్వు లోపలికి వెళ్ళు."

"కాస్త మూలన తుడిచి చూద్దాం," అంది అధికారిణి. "పై పొర కిటికీ రంగు కాకపోతే కింద ఏమీ ఉండదు. అతను మీకు క్షమాపణ చెబుతాడు, సోమవారం మీ రంగే వేయిస్తాను. కింద వేరే రంగుంటే అతను పనిలో ఉంటాడు. అంతే కదా?"

"అంతే," అన్నాడు తమ్ముడు.

"వద్దు," అంది అత్తగారు.

"వద్దేమిటమ్మా? తుడవనీ. కానీ వీడి చెయ్యి దీనిమీద పడకూడదు. నేనే తుడుస్తాను."

తమ్ముడు సీసా అందించాడు. ఆయన గుడ్డను థిన్నర్‌లో ముంచాడు; ముంచడం కూడా తెలియక సగం చొక్కా మీద ఒలకబోసుకున్నాడు. ఒక మూల రుద్దాడు. ఏమీ రాలేదు. గెలిచిన చూపుతో అందరినీ చూశాడు.

"కాసేపు నాననివ్వాలి బావా," అన్నాడు తమ్ముడు మెల్లిగా.

"తెలుసు."

రెండు నిమిషాలు నానింది. మళ్ళీ రుద్దాడు. గుడ్డకు ఆకుపచ్చ నీలం అంటింది. తర్వాత వేళ్ళకు అంటింది. తర్వాత మూత మూలన, చిన్న నాణెమంత మేర, ఇంకో రంగు బయటపడింది.

తమ్ముడు చెప్పిన బూడిద కాదు. ఆయన చెప్పిన నీలం కాదు.

పసుపు. పండిన నిమ్మకాయలాంటి, ఎవరి కంటినీ తప్పించుకోలేని పసుపు.

ఆయన ఇంకొంచెం రుద్దాడు. పసుపు ఇంకొంచెం పెరిగింది. ఆయన చెయ్యి ఆగడం లేదు. ఎక్కడో ఒకచోట ఆ పసుపు అయిపోతుందని ఆశ కాబోలు.

"బావా, చాలు," అన్నాడు తమ్ముడు. ఆ గొంతులో గెలుపు లేదు. అదే ఆయనకు ఎక్కువ తగిలినట్టుంది.

"పొట్ట పసుపుగా ఉండేది శిక్షణ విమానాలకు కదా," అంది అధికారిణి. అడగలేదు, చెప్పింది.

అత్తగారు వచ్చి కుర్చీలో కూర్చుంది. గిన్నె ఒళ్ళో పెట్టుకుంది.

"నేర్చుకునేవాళ్ళు ఎక్కే విమానాలు," అంది కొడుకుతో. "దూరం నుంచే అందరూ చూసి తప్పుకోవాలని పసుపు వేసేవారట. మీ నాన్న యుద్ధమంతా వేసింది ఆ పసుపే. యుద్ధానికి వెళ్ళే విమానాన్ని ఆయన దగ్గర్నుంచి చూడనైనా లేదు. వీధిలో మాత్రం ఇంకోలా చెప్పుకున్నాడు. నీకూ అదే చెప్పాడు. ఒకరోజు సైన్యంలో పనిచేసి వచ్చిన పెద్దమనిషి ఒకాయన మనింటికొచ్చి, ఈ మూత చూసి నవ్వాడు. మీ నాన్న రెండు రోజులు తలెత్తలేదు. కిటికీలకు వేయగా మిగిలిన రంగుంటే నేనే తెచ్చి పూశాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు ఎవరినైనా ఒక మాట చెప్పనిచ్చావా?"

ఆయన చొక్కా మీద థిన్నర్ మరక ఆరుతోంది.

"మీ నాన్నదీ అబద్ధమేరా," అంది ఆవిడ. "కానీ ఆ అబద్ధంతో ఎవరి పనీ పోలేదు."

అధికారిణి పుస్తకం తీసి ఏదో రాసుకుంది. "అయితే ఈ మూత ఆధారంగా పనికిరాదు. ఇది ఆ రకం విమానానిదే కాదు. నేను రాసుకోవచ్చా?"

షేడ్‌కార్డు మూత వైపు చూశాడు. చేతి వేళ్ళు చూసుకున్నాడు. నిటారుగా నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్ళుగా సంపాదకులందరికీ ఉత్తరాలు రాసిన మనిషి కదా, ఆ గొంతు తిరిగొచ్చింది.

"విచారకరమైన విషయమేమంటే," అన్నాడు, "ఇది మా మూత కాదు. ఎక్కడో మారిపోయింది. నాలుగు నెలలుగా ఇంట్లోకి రంగులవాళ్ళు వస్తూ పోతూ ఉన్నారు. ఎవరు మార్చారో నేను చెప్పను."

ఆ మాట అంటూ తమ్ముడి సంచి వైపు చూశాడు.

తమ్ముడు అగ్గిపెట్టె మూసి జేబులో పెట్టుకున్నాడు. 

అధికారిణి కలం ఆగింది. అత్తగారి వైపు చూసింది. ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది. అప్పుడు ఇల్లాలి వైపు తిరిగింది.

"మీరు చెప్పండమ్మా. ఇది మీ ఇంటి మూతేనా?"

నీకేం తెలుస్తుందిలే, అన్నవాడు ఈసారి ఏమీ అనలేదు. మూడు రోజుల తర్వాత మొదటిసారి భార్య ముఖంలోకి సూటిగా చూశాడు. ఆ చూపులో వేడుకోలు ఉందో హెచ్చరిక ఉందో ఆయనకే తెలియాలి.

ఇల్లాలు మూతను నల్లగుడ్డ మీంచి తీసుకుంది, రెండు చేతులతో కాదు, రోజూ పట్టుకున్నట్టే ఒంటి చేత్తో. వంటింట్లోకి నడిచింది. ఆవిడ వెనక అధికారిణి, ఆవిడ వెనక తమ్ముడు. కాసేపటికి, ఇంకెక్కడా నిలబడలేక, ఆయన.

రుబ్బురాయి దించింది. పళ్ళెం తీసింది. చీమలను ఊదింది. మూతను డబ్బా మీద పెట్టి అరచేత్తో ఒక్కటి కొట్టింది.

టక్.

సుత్తితో వంచిన అంచు డబ్బా చుట్టూ వెంట్రుకంత సందు లేకుండా కూర్చుంది. ఇన్నేళ్ళుగా రోజుకు నాలుగుసార్లు ఆ ఇంట్లో వినబడిన చప్పుడు అది. దాన్ని గుర్తుపట్టనివాడు ఒక్కడే, గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

అధికారిణి సంచిలోంచి కాగితం ఒకటి తీసి డబ్బా పక్కన గట్టు మీద పెట్టింది. ఆయన రాసిన ఉత్తరమే. దాని మీద కలం పెట్టింది.

"వెనక్కి తీసుకుంటున్నానని కింద ఒక్క వాక్యం రాస్తే చాలు," అంది. "రాయకపోతే నేను కమిటీకి జరిగినదంతా చెప్పాలి. మీ నాన్నగారి సంగతితో సహా."

ఆయన కలం వైపు చూశాడు. పెదవులు కదిలాయి.

"అమ్మా," అన్నాడు, ముందుగది వైపు తిరిగి, "దానితో చెప్పు..."

"నువ్వే చెప్పుకో," అంది అత్తగారు కుర్చీలోంచి కదలకుండా. "ఎదురుగానే ఉంది."

ఆయన భార్య వైపు తిరిగాడు. ఆవిడ వెనక గోడ మీద మధ్యాహ్నపు ఎండ పడుతోంది. ఆయన చూపు ఆవిడ భుజం మీదుగా దాటి అక్కడ ఆగింది. చాలాసేపు ఆగింది.

"ఈ గోడ," అన్నాడు, "ఎప్పుడు గులాబి అయింది?"

 కలం ఇంకా గట్టు మీద, పెట్టిన చోటే ఉంది.